ఎండవైపు గ్యాలరీ

జెర్సీలమ్మకి అసలు పేరు ఒకటుంది. క్లబ్బులో ఎవరికీ గుర్తులేదు, అంతే. ఫుట్‌బాల్ ఆటగాళ్ళ జెర్సీలు ఉతకడం మొదలుపెట్టిన కొత్తలో ఎవరో అలా పిలిచారు, ఆ పిలుపు బంకలా అంటుకుపోయింది. అప్పట్లో ఆ జెర్సీలు తొడుక్కున్న కుర్రాళ్ళకి ఇప్పుడు బట్టతలలు వచ్చేశాయి. ఆమె మాత్రం ఇంకా ఉతుకుతూనే ఉంది.

ఇల్లు స్టేడియం గోడకి ఆనుకుని, ఎండవైపు గ్యాలరీ వెనక ఉంటుంది. ఆ ఎండంతా గ్యాలరీలో కూర్చున్నవాళ్ళకే. దాని నీడ మాత్రం పొద్దు తిరగగానే వచ్చి ఈ ఇంటిమీద పడుతుంది. పెరట్లో ఆరేస్తే ఏ గుడ్డా ఆరదు. తడి జెర్సీల బుట్ట నడుమున పెట్టుకుని మెట్లెక్కి మేడమీద ఆరేయాలి, మబ్బు పట్టిందంటే మళ్ళీ పరిగెత్తాలి. గోడలు చెమ్మ, బీరువా చెమ్మ, ఆఖరికి తలకింద దిండు కూడా చెమ్మే. మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కొద్దు అన్నాడు డాక్టరు. అలాగేనండీ అని వచ్చి, ఆ సాయంత్రమే మెట్లెక్కింది. ఎక్కక ఏం చేస్తుంది?

ఆ సమయంలోనే క్లబ్బువాళ్ళు స్టేడియం పెంచుతామన్నారు. పై డివిజన్‌లో ఆడాలంటే ఉన్న సీట్లు చాలవట. ఎండవైపు గ్యాలరీ పడగొట్టి, వెనకున్న ఇళ్ళ వరస తీసేసి, పెద్దది కడతారట. ఇళ్ళు పోయినవాళ్ళకి పక్కవీధిలో మెట్లు లేని ఇళ్ళిస్తారు. కొత్త గ్యాలరీ కింద బట్టలుతికే మిషన్లు పెడతారు. ఈ మాట విన్నరోజు ఆమె తొట్టి పక్కన పీట మీద కూలబడి, చేతిలో సబ్బు చేతిలోనే ఉండగా చాలాసేపు ఊరికే కూర్చుంది. ఇక ఉతకక్కర్లేదు. ఇక మెట్లెక్కక్కర్లేదు. అంత సుఖం తనకి రాసిపెట్టి ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు, పాపం.

కానీ ఎవరితో చెప్పుకుంటుంది? ఆమె మొగుడు ఒకప్పుడు ఆ క్లబ్బుకి గోల్‌కీపరు. ఇప్పటికీ అందరూ కీపరుగారనే అంటారు. తుంటి దెబ్బతిన్నాక కర్ర లేనిదే నాలుగడుగులు వేయలేడు. ఆట ఉన్నరోజు మంచం గోడవారకి జరిపించుకుని, గ్యాలరీ కేకలు వింటూ పడుకుంటాడు. కేకని బట్టి బంతి ఎక్కడుందో చెప్పేస్తాడు. గోలు పడబోతోందనిపిస్తే పడుకున్నచోటనే రెండు చేతులూ చాస్తాడు. ఆ మనిషిని ఆ గోడ దగ్గర్నుంచి లేపుదామని ఏ నోటితో అంటుంది? ఆయన బతుకంతా ఆ గోడకవతల ఉంది, ఈమె బతుకంతా ఇవతల తొట్టిలో ఉంది. అందుకే నోరు మెదపలేదు.

ఇక మరిది సంగతి. కీపరుగారి తమ్ముడు, క్లబ్బుకి పాత కెప్టెను, స్టేడియం పెంచొద్దనేవాళ్ళందరికీ ఇప్పుడు నాయకుడు. మంచివాడే. కాకపోతే ఎదుటివాళ్ళ మనసులో ఏముందో వాళ్ళకంటే తనకే బాగా తెలుసనుకునే రకం. ఒకరోజు సబ్బునీళ్ళు కంట్లో పడి ఆమె కళ్ళు నులుముకుంటుంటే టక్కున ఫోటో తీసుకుపోయాడు. కొద్దిరోజుల్లోనే వీధి పొడుగునా ఆ ఫోటోనే, కింద ‘ఈ తల్లి ఇల్లు కూల్చకండి’ అని. దారినపోయేవాళ్ళు ఆగి, ఏడవకమ్మా మేమున్నాం అనడం మొదలుపెట్టారు. సబ్బు పడిందర్రా అని ఆమె చెప్పబోయేలోపే ఓదార్చేసి వెళ్ళిపోయేవారు.

ఒకసారి మరిదితోనే చెప్పి చూసింది, తనకి ఓపిక లేదని. అతను మాట పూర్తికానిస్తేగా! నువ్వేం చేయక్కర్లేదు వదినా, పోరాడ్డానికి మేం లేమా అని ఇంకో కట్ట పోస్టర్లు తెచ్చి ఇంట్లో పెట్టాడు. తడి తగలకుండా చూడమని చెప్పి మరీ వెళ్ళాడు. ఆ ఇంట్లో తడి తగలని చోటేదో అతనే చూపించి వెళ్ళాల్సింది.

ఆ క్లబ్బులో ఓటు వేసే తీరు వేరు. చీటీలు, చేతులెత్తడాలు ఉండవు. రెండు గోలుపోస్టుల వెనకా రెండు గ్యాలరీలు. సరేననేవాళ్ళు ఎండవైపు దాంట్లో, వద్దనేవాళ్ళు నీడవైపు దాంట్లో కూర్చోవాలి, లెక్క తేలేదాకా కదలకూడదు. కొత్త పని కావాలనేవాడు కాసేపైనా ఎండ భరించాలని క్లబ్బు పెట్టిన పెద్దలు చేసిన ఏర్పాటది. ఆ మహానుభావులు ఈ నియమం కూడా నీడలో కూర్చునే పెట్టి ఉంటారు. ఎప్పుడో కూలి పెంచమని అడిగితే, పెంచకుండా జెర్సీలమ్మని సభ్యురాలిని చేశారు. కాబట్టి ఆమెకీ ఓటుంది.

ఓటు రోజు మరిది మనుషుల్ని పెట్టి కీపరుగారిని కుర్చీతో సహా మోయించుకొచ్చాడు. వెనకే ఆమె. గేటు దాటగానే ఆమె ఎండవైపు తిరిగింది. దారి తప్పిందనుకున్నాడో ఏమో, మరిది నవ్వి, ఇటు వదినా ఇటు అని తీసుకొచ్చి నీడలో ముందువరసలో మొగుడి పక్కన కూర్చోబెట్టాడు. ఒకరు దిండు తెచ్చారు, ఒకరు మంచినీళ్ళు తెచ్చారు. ఎండవైపు నుంచి ప్రెసిడెంటు కూడా, అమ్మకి ఇబ్బంది లేకుండా చూడండి అని మైకులో చెప్పాడు. ఇంతమంది ఇన్ని మర్యాదలు చేస్తుంటే లేచి పోవడం ఎంత కష్టమో ఎవరికి తెలియదు?

లెక్క మొదలుపెట్టే ముందు ప్రెసిడెంటు ఆనవాయితీగా అడిగాడు, ఎవరైనా వైపు మారతారా అని. అడగడమే గానీ మారేవాళ్ళుండరు. జెర్సీలమ్మ మొగుడికేసి చూసింది. ఆయన అవతలి చివరనున్న గోలు కేసి చూస్తున్నాడు, తను కాపలా కాసిన గోలు అది. అయినా దిండు పక్కనపెట్టి లేచింది.

“ఏమండీ, నేనటు వెళ్తున్నా.”

ఆయన తలెత్తి చూశాడు. మరిది కంగారుగా దగ్గరికొచ్చి ఏం కావాలన్నాడు.

“నాకా ఇల్లు వద్దయ్యా,” అంది. “నేను అలిసిపోయాను.”

చుట్టూ తిరిగి పోవాలంటే మోకాళ్ళు ఒప్పుకోవు. మైదానం మధ్యనుంచి పోతే దగ్గర. కానీ ఆటగాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ గడ్డి మీద కాలుపెట్టకూడదు. ఆ మైదానం మట్టిని ఆమె ఎంత కడిగి పారబోసిందో లెక్కలేదు, దానిమీద అడుగు మాత్రం ఏనాడూ వేయలేదు. గీత దగ్గర చెప్పులు విడిచి గడ్డిలోకి దిగింది. ప్రెసిడెంటు ఏదో అనబోయి మైకు దించేశాడు. ఇంతమంది చూస్తుంటే సిగ్గేసింది, మోకాళ్ళు సలిపాయి, మధ్యలో ఒకసారి నడుం పట్టుకుని ఆగింది కూడా. అవతలి గోలు దగ్గరపడుతుండగా వెనకనుంచి ఒక కేక వినిపించింది. ఒకప్పుడు మైదానం ఆ చివర్నుంచి ఈ చివరిదాకా వినిపించిన గొంతే.

“గోలు ముందు గుంట ఉంటుంది! చూసుకుని నడువు!”

ఆయన కాళ్ళ కింద అరిగిన గుంట అది. ఇన్నేళ్ళయినా పూడలేదు. ఆమె పక్కనుంచి తప్పుకుని నడిచి, ఎండలో కింది మెట్టుమీద కూర్చుంది. వెనక్కి చూడలేదు.

నీడవైపే గెలిచింది. వాళ్ళలో స్టేడియం మీద ప్రేమతో కూర్చున్నవాళ్ళెందరో, చల్లగా ఉందని కూర్చున్నవాళ్ళెందరో దేవుడికెరుక. గ్యాలరీ అలాగే ఉంది, దాని నీడా అలాగే ఉంది. మరిది పోస్టర్లన్నీ తనే చించేసి, కొన్నాళ్ళు ఇటువైపు రాలేదు. కీపరుగారు ఆ సంగతి ఎత్తలేదు. పెట్టింది తిన్నాడు, గోడకేసి తిరిగి పడుకున్నాడు.

తర్వాతి ఆట అయ్యాక వ్యాను వచ్చి జెర్సీల మూట యథాప్రకారం గుమ్మంలో దించిపోయింది. ఆమె తొట్టి దగ్గర కూర్చుని ఉతుకుతుంటే కర్ర చప్పుడైంది. కీపరుగారు గోడ పట్టుకుని పట్టుకుని వచ్చి, ఇంకో పీట కాలితో జరుపుకుని, మూలుగుతూ కూర్చున్నాడు.

“ఇటియ్యి,” అని చెయ్యి చాచాడు.

ఆమె నమ్మలేనట్టు చూసి ఒక జెర్సీ ఇచ్చింది. కాళ్ళు పోయినా ఆ చేతులకేం కాలేదు. ఒక్క మెలికకే నీళ్ళన్నీ దిగిపోయాయి. అలా నాలుగైదు పిండాక, తలెత్తకుండా అడిగాడు.

“ఎప్పట్నుంచి?”

“ఏది?”

“అలిసిపోవడం.”

ఆమె అబద్ధం చెబుదామా అనుకుంది. దానికీ ఓపిక లేకపోయింది.

“మీరు ఆడే రోజుల్నుంచి.”

ఆయన చేతిలో జెర్సీ అలాగే ఉండిపోయింది. కాసేపటికి మళ్ళీ పిండాడు. ఈసారి ఓటు పెడితే తనూ ఎండలోకి వస్తానన్నాడు.

“అప్పటికి నేను నడవగలగాలిగా,” అంది.

పిండినవన్నీ బుట్టలో సర్ది, ఆయన మేడమెట్ల వైపు చూశాడు. పైదాకా చూశాడు. తర్వాత ఆమె వైపు చూడలేక తల దించుకున్నాడు. ఆమె బుట్ట నడుమున పెట్టుకుని లేచి, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.