పెదాలకి కుదరని గొంతు

శబ్దాన్ని మూడు ఫ్రేములు వెనక్కి లాగితే సరిపోతుందేమో, కాదు, మూడు మరీ ఎక్కువ, రెండు చాలు, అని ఆమె మౌస్ కదిపి మళ్ళీ నొక్కింది, తెరమీద నాన్న పెదాలు కదిలాయి, మాట రాలేదు, పెదాలు మూతబడ్డాయి, అప్పుడు తీరిగ్గా వచ్చింది మాట, ఆ స్క్రూ పక్కన పెట్టు, చిన్నోడు మింగేస్తాడు, ఏం లాభం, పన్నెండేళ్ళుగా ఈ కొట్లో కూర్చుని జనం పాత టేపులు కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది, ఎంతమంది తాతల మాటలు పట్టుకొచ్చి వాళ్ళ నోట్లో పెట్టలేదు, ఎంతమంది పెళ్ళికూతుళ్ళ నవ్వుని మొహం మీద అతికించలేదు, సొంత నాన్న దగ్గరికొచ్చేసరికి చెయ్యి తిరగడం లేదు, రోగం కొత్తదేం కాదు, టేపు ఎక్కించేటప్పుడు బొమ్మ ఒక వేగంతో శబ్దం ఇంకో వేగంతో నడుస్తాయి, మొదట్లో తేడా తెలియదు, పది నిమిషాలయ్యేసరికి శబ్దం చెయ్యి వదిలేసిన పిల్లాడిలా అర సెకను వెనకబడిపోతుంది, మందు కూడా తెలిసిందే, మొదట్లో ఒక చప్పుడూ చివర్లో ఒక చప్పుడూ చూసుకుని రెంటి మధ్యా శబ్దాన్ని కాస్త కుదించాలి, పొద్దున్నే కుదించింది, ఏడాదిన్నర తమ్ముడు స్టీలు పళ్ళెం కింద పడేసిన చప్పుడు పళ్ళెం నేలకి తగిలినప్పుడే వినపడుతోంది, చివర్లో గాలికి తలుపు కొట్టుకున్న చప్పుడూ అంతే, రెండు కొసలూ కుదిరాక నడుమ నాన్న ఒక్కడే కుదరకపోవడమేమిటి, కుట్టుమిషను విప్పుకుని, ఒళ్ళో గుడ్డ వేసుకుని, నూనె మరకల చేతులతో.

నాలుగింటికి తమ్ముడొస్తాడు, నాన్న పోయేనాటికి వాడికి మూడేళ్ళు, తనకి పది, అమ్మ పోయాక బీరువాలో అడుగున దొరికింది ఈ టేపు, నాన్న ఉన్న టేపు ఇదొక్కటే, మిగతావి ఎప్పుడో బూజుపట్టి పోయాయి, వాడికి ఫోన్లో చెప్పగానే, నీకైతే గుర్తుంది, నీ అదృష్టం అక్కా, నాకొక్కసారి వినిపించు చాలు అన్నాడు, ఈమె కూడా బడాయిగా, వినిపిస్తాలేరా, నాన్న గొంతంటే ఏమనుకున్నావు, నిండుగా ఇల్లంతా పట్టేసేది అంది, అవును, ఇంట్లో నాన్నని గుర్తుపెట్టుకోవడం తన ఉద్యోగం, చిన్నప్పుడు వాడు పడుకోనని మారాం చేస్తే ఛాతీ విరుచుకుని గొంతు లావు చేసి, నాన్నయితే ఇలా అనేవాడురా, పడుకుంటావా లేదా అని గదమాయించేది, వాడు కిలకిలా నవ్వి, ఇంకోసారి నాన్నలా అను అనేవాడు, ఎన్నిసార్లు అందో లెక్కే లేదు.

ఇప్పుడు ముక్కలు కోసి చూద్దాం, మాటకో ముక్క, పక్కన పెట్టు అన్నప్పుడు పకారం దగ్గర పెదాలు కలవాలి కదా, కలవని చోట కలుస్తున్నాయి, కలవాల్సిన చోట తెరుచుకునే ఉంటున్నాయి, నాలుగు ముందుకి, ఆరు వెనక్కి, వెనకనించి ఓనరు టీ గ్లాసుతో వచ్చి, ఏంటమ్మా, పొద్దుట్నుంచీ అదే ముక్క, ఇంకాస్త జరిపితే ఆ మాట నిన్నటికి పోతుంది అని నవ్వాడు, ఈమె కూడా నవ్వింది, మీరే చూడండి సార్, రెండు చివర్లూ సరిపోయాయి, మధ్యలో మా నాన్న సతాయిస్తున్నాడు, ఆయన వంగి చూసి, గొంతు గట్టిగానే ఉందే, కెమెరా ఎవరి చేతిలో ఉంది అన్నాడు, ఎవరి చేతిలో ఉంటే ఏముంది, బాబాయే అయ్యుంటాడు, ఇంకెవరున్నారు అప్పుడు, అంది, అని మౌస్ మీంచి చెయ్యి తీసేసింది, ఆయన గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయాడు.

కెమెరా పట్టుకున్నవాడి నోరే మైకుకి దగ్గర, వాడి మాటే అందరికంటే గట్టిగా పడుతుంది, వచ్చిన ప్రతివాళ్ళకీ తనే చెబుతుంది ఈ సంగతి, ఎదురుగా మూడు గజాల అవతల కూర్చున్న మనిషి మాట సన్నగా, ఉందో లేదో అన్నట్టు పడుతుంది, మరి అదేది, అదెక్కడికి పోయింది, ఎక్కడికీ పోలేదు, పొద్దున టేపు ఎక్కించగానే అలవాటు కొద్దీ ఫ్యాను హోరు తీసేసింది, హోరుతోపాటు అడుగున సన్నగా ఏదో గొణుగుడుంటే అదీ రొదేననుకుని తుడిచేసింది, తన చేత్తోనే, పాత ట్రాక్ మళ్ళీ తెచ్చి పెట్టింది, చెవుల్లో హోరు, దాని కిందనించి ఒక మగగొంతు, మెత్తగా, కాస్త ముక్కుతో, ఒరేయ్, కెమెరా కదపకురా, మసకగా వస్తుంది, తెరమీద నాన్న పెదాలు ఎక్కడ కలవాలో అక్కడే కలిశాయి, ఒక్క ఫ్రేము కూడా జరపక్కర్లేదు. ఇంకోసారి విన్నది. ఇంకోసారి. నాన్న పోయాక ఎనిమిదేళ్ళు వాళ్ళింట్లోనే ఉండి ఇద్దర్నీ పెంచిన బాబాయి, ఇప్పుడు ఫోన్లో నాలుగు ముక్కలకే దగ్గుతాడు, వయసులో ఉన్నప్పుడు ఆయన గొంతు ఎంత నిండుగా ఉండేదో మర్చిపోయాననుకుంది, మర్చిపోలేదు, తీసి నాన్నకి పెట్టేసింది, ఎప్పుడు పెట్టిందో కూడా తెలియదు, తమ్ముణ్ణి నిద్రపుచ్చింది ఆ గొంతుతోనే, ఏడుపేమీ రాలేదు, సిగ్గేసింది, ఈ మెత్తని గొంతు ఎదురుగా వచ్చి పేరు పెట్టి పిలిచినా ఎవరండీ అనేది, ఇంకా నయం, వాడొచ్చేలోపు బాబాయి మాటనే నాన్న నోట్లో ఎలాగోలా ఇరికించేసి, ఇదిగోరా అని వినిపించి ఉండేది, వాడూ నమ్మేవాడు, మెట్లమీద చెప్పులు విడుస్తున్న చప్పుడు, అక్కా అయిందా అంటున్నాడు, అయిందిరా, రా, కూర్చో, అని పక్కన కుర్చీ లాగింది, గుర్తుందా అని వాడడిగితే లేదని చెప్పాలి, నాన్న గొంతు వాడిలాగే తనూ ఇవాళే మొదటిసారి వింటోంది.