ఆరో పిడి

శవపేటికకు ఆరు పిడులుంటాయి. మా ఊళ్లో బాస్కెట్‌బాల్ క్లబ్బు మనిషి పోతే ఆ ఆరూ క్లబ్బువాళ్లే పట్టాలి. పేటికను ఇంటి దగ్గర ఎత్తి, నడిచి వచ్చి, బాస్కెట్‌బాల్ హాలు గుమ్మం ముందు ఒక్క నిమిషం ఆగుతారు. జనం చప్పట్లు కొడతారు. అక్కణ్ణుంచి శ్మశానం దాకా మళ్లీ నడకే. నా భర్త అమదేయో అలా చాలామందిని మోశాడు. మార్చిలో ఒక శుక్రవారం ఆయన్నే మోయాల్సి వచ్చింది.

ఐదు పిడులకు మనుషులు కుదిరారు. ఆరోది తాను పడతానని లవెల్ ముందుకొచ్చాడు.

లవెల్ అమెరికావాడు. పద్నాలుగేళ్లుగా పరాయి దేశాల్లో బంతి ఆడి బతుకుతున్నాడు. ఫిన్లాండు, లెబనాన్, ఫిలిప్పీన్స్, వెనెజువేలా, చివరికి అర్జెంటీనాలో మా ఊరు. ఏ దేశం వెళ్లినా తాను మొదట నేర్చుకునే మాట "నొప్పి" అనీ, రెండోది "నొప్పి లేదు" అనీ మా వంటింట్లో కూర్చుని చెప్పేవాడు. వయసు ముప్పై ఆరు. కమిటీ వద్దంటున్నా "ఈ ముసలాడే కావాలి" అని పట్టుబట్టి తెప్పించింది అమదేయో. బయటి ఆటగాళ్లను బస్టాండుకు వెళ్లి తీసుకురావడం, తిండీ ఇల్లూ చూడటం, తీసేసినప్పుడు మళ్లీ బస్సెక్కించడం ఆయన పని. వాళ్ల పొడుగు కాళ్లు పట్టేలా మా పాత కారులో ముందు సీటును బాగా వెనక్కి జరిపి బిగించాడు. దాని వెనక ఇంకెవరూ కూర్చోలేరు.

ఆ వారమే కమిటీ లవెల్‌కు చెప్పేసింది. ఆదివారం ఆటలో పదిహేను పాయింట్లు చెయ్యాలి, లేకపోతే ఇంటికే. జట్టులో విదేశీయుడికి చోటు ఒక్కటే. సీజన్ మధ్యలో వెనక్కి పంపిన ముప్పై ఆరేళ్ల మనిషిని మరే దేశమూ పిలవదు. ఆ సంగతి అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

"వదిలెయ్ రా పొడుగోడా! నీ వైపు పైకి లేస్తే అమదేయో జారి మా మీద పడతాడు" అన్నాడు జనోట్టి. ఆయన క్లబ్బు అధ్యక్షుడు. లవెల్ ముందున్న పిడి ఆయనదే.

"నేను కిందికి వస్తా, ప్రెసిడెంటు గారూ" అన్నాడు లవెల్.

అని గోడకుర్చీ వేశాడు. బడిలో అల్లరి పిల్లల చేత నేను వేయించేదే, కాకపోతే గోడ లేదు. ఎదుటి ఆటగాణ్ణి అడ్డుకోవడానికి నిలబడే తీరు కూడా అదేనట. మోకాళ్లు వంచి, నడుము దించి, అలాగే నడిచాడు. హాలు ముందు చప్పట్లు కొట్టినంతసేపూ అలాగే నిలబడ్డాడు. తర్వాత శ్మశానం రోడ్డంతా అలాగే. పేటిక ఎక్కడా ఒరగలేదు. వెనక నడుస్తూ నేను దాన్నే చూశాను. మరి దేన్నీ చూడకుండా గడిచిపోయింది.

శనివారం పొద్దున ఎప్పటిలాగే మా ఇంటికి వచ్చాడు. మాతే ఆకుల టీ కాచి ఇచ్చాను. తాగాడు. లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"ఏమైంది?"

"నొప్పి లేదు."

"రెండో మాట తర్వాత చెబుదువుగాని. ముందు మొదటిది చెప్పు."

నవ్వాడు. "మోకాలు, టీచరమ్మా. నడుము కూడా కొంచెం."

ఫ్రిజ్‌లో గడ్డకట్టిన బఠాణీల పొట్లం తీసి మోకాలి మీద పెట్టాను. "జనోట్టికి చెబుతాను. నువ్వు నిన్న అలా నడవబట్టే కదా."

"వద్దు. ముసలాణ్ణి తెచ్చిందీ అమదేయోనే, విరగ్గొట్టిందీ అమదేయోనే అని బార్‌లో నవ్వుకుంటారు. నేను వినలేను."

"ఆదివారం సంగతి తెలిసీ ఎందుకు పట్టావయ్యా ఆ పిడి?"

కాసేపు పొట్లాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఏ ఊరు వెళ్లినా దించుకోడానికి ఎవరో ఒకరు వస్తారు. ఫొటోలు కూడా తీస్తారు. తీసేసిన రోజు మాత్రం టాక్సీ వస్తుంది. మీ ఆయన మొదటి రోజే చెప్పాడు, 'నిన్ను పంపేసే రోజు కూడా నేనే వస్తాను, తినడానికి తెస్తాను' అని. అట్లా చెప్పినవాణ్ణి నేనెక్కడా చూళ్లేదు."



ఆదివారం ఆటకు ముందు ఆయన కోసం మౌనం పాటించారు. తర్వాత ఆట మొదలైంది. లవెల్ ఎగరలేకపోయాడు.

"ఏం తాతా, బూట్లలో సిమెంటు పోశారా?" అని అరిచాడు మాంసం కొట్టు బెపో.

"లిఫ్టు పాడైంది రా, మెట్లెక్కి రమ్మను!" అన్నారు ఇంకెవరో. మెట్ల మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు.

ఎగరలేనని తెలిశాక లవెల్ బంతిని ఉంచుకోవడం మానేశాడు. మధ్యలో నిలబడి, చూసి, ఖాళీగా ఉన్న మా జట్టు కుర్రాడికి అందించడమే. కుర్రాళ్లు బుట్టలో వేశారు. రెండు పాయింట్లతో గెలిచాం. లవెల్ పేర పడినవి ఆరు. అందించిన బంతులను కమిటీ లెక్కపెట్టదు.

జనం బయటికి పోతుంటే జనోట్టి నా దగ్గరికి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"నాకు తెలుసు టీచరమ్మా. శ్మశానం మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. వాడి తొడలు వణుకుతున్నాయి."

"అయితే ఆ మాట కమిటీలో చెప్పండి."

"చెప్పి లాభం లేదు. కొత్తవాడు నిన్ననే బయల్దేరాడు."

"ఆట కాకముందేనా?"

"ఎప్పుడూ అంతేగా. పదిహేను పాయింట్లన్నది ఊరికే, మర్యాదకు."

ఎవరి మర్యాదకని అడగలేదు. ఆటగాణ్ణి పంపబోయే ప్రతిసారీ అమదేయో అతని దారి తిండికి శనివారమే బెపో కొట్లో మాంసం కొని తెచ్చేవాడు. ఆదివారం ఆట ఎలా ఆడతారో చూడకుండానే. అదేమిటని నేనెన్నడూ అనుకోలేదు.

"రేపు వాణ్ణి బస్సెక్కించాలి. అమదేయో ఉంటే..." అన్నాడు జనోట్టి.

"నేను వెళ్తాను" అన్నాను.

సోమవారం బడికి సెలవు పెట్టాను. మాంసం పల్చగా కొట్టి, రొట్టెపొడి అద్ది వేయించి, నిమ్మకాయ పిండి, రొట్టెల మధ్య పెట్టాను. రెండు కట్టాను. కారులో లవెల్ ఆ సీట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. దారిలో ఇద్దరం వానల గురించి మాట్లాడుకున్నాం.

కొత్తవాణ్ణి దించిన బస్సే లవెల్‌ను ఎక్కించుకోవాలి. కొత్తవాడు దిగాడు. ఇరవై మూడేళ్లుంటాయేమో, రెండు పెద్ద సంచులు, ఎండకు కళ్లు చికిలించుకుంటున్నాడు. లవెల్ వెళ్లి అతని సంచీ ఒకటి అందుకుని, వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడాడు.

"ఏం చెప్పావు?" అన్నాను.

"స్నానాల గదిలో వేణ్ణీళ్ల కుళాయి ఎటు తిప్పాలో చెప్పా. నొప్పి ఉంటే ముందు టీచరమ్మకే చెప్పమన్నా."

"ఇక ఎక్కడ ఆడతావు?"

"ఆడను టీచరమ్మా. మా ఊరి బళ్లో పిల్లలకు నేర్పుతానేమో." నవ్వాడు. "గోడకుర్చీ వేయిస్తా."

పొట్లం ఇచ్చాను. వంగి నన్ను కావలించుకున్నాడు. నిటారుగా లేవడానికి కొంత సమయం పట్టింది. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కాడు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను.

కొత్తవాడు వచ్చీరాని స్పానిష్‌లో అడిగాడు. "ఆయన బాగా ఆడలేదా?"

"నిన్న గెలిచాం" అన్నాను.

రెండో పొట్లం అతనికిచ్చి కారు తలుపు తీశాను. లోపల కూర్చుని, కాళ్లు చాపి, ఆశ్చర్యంగా నావైపు చూశాడు. సీటు జరపాల్సిన పని లేకపోయింది.