మేనకోడలి థీసిస్‌కు పెట్టిన నగలు

యూనివర్సిటీ గేటుకు ఎదురుగా ఉంది నా షాపు. థీసిస్‌లు టైపు చేసి, అట్ట వేసి, బంగారు రంగు అక్షరాలు అద్ది ఇస్తాను. ముప్పై ఏళ్లుగా ఇదే పని. నా చేతిలోంచి వందలమంది డాక్టర్లు తయారై వెళ్లారు గాని, వాళ్లలో ఒక్కరికీ నాడి చూడడం రాదు. నాకూ రాదు. నాకు వచ్చిందల్లా పిల్లలు తెచ్చే బక్కచిక్కిన రాతకు కాస్త అందం తేవడం.

టైపు చేస్తున్నప్పుడు ఎవరి థీసిస్‌లోనైనా మంచి వాక్యం కనిపిస్తే నాకు వదలబుద్ధి కాదు. కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో దాచుకుంటాను. దాని పేరు ‘నగలపెట్టె’. తర్వాత ఎవరి అధ్యాయమైనా బోసిగా అనిపిస్తే మెడలో ఒకటి, చెవులకు రెండు తగిలించి పంపుతాను. వాళ్లు అడగరు, నేను చెప్పను. గైడ్లు ‘భాష చక్కగా ఉంది’ అని రాస్తే నా స్టూలు మీద నేనే పొంగిపోతాను. నగలుకీ నకలుకీ ఒక్క అక్షరమే తేడా అన్న సంగతి ఇన్నేళ్లలో ఒక్కసారీ నా బుర్రకు తట్టలేదు.

ఇక మా చీమ. మా అక్క కూతురు. ఇంతే ఉంటుంది, ఒకచోట నిలవదు, తనకంటే పెద్ద బరువు నెత్తికెత్తుకుంటుంది, కుడితే వారం రోజులు దురద. అందుకే ఆ పేరు. వాళ్ల నాన్న, అంటే మా బావ, సిటీ బస్సు డ్రైవరు. ఇరవై ఆరేళ్లుగా జనాన్ని ఇళ్లకు చేర్చాడు గాని, ఆయన నడుము మాత్రం దారి నడుమ ఆగిపోయింది. చీమ పరిశోధన దాని మీదే: బస్సు డ్రైవర్ల నడుం నొప్పి. మూడేళ్లు డిపోల చుట్టూ తిరిగింది. నూట నలభై మందితో మాట్లాడింది. సీట్ల ఎత్తు టేపు పెట్టి కొలిచింది. ఒక ట్రిప్పులో క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతారో పక్కన కూర్చుని లెక్కపెట్టింది. చివరికి ఆరు నోటుపుస్తకాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

“మామయ్యా, పట్టికలు నేను సరిచూసుకుంటా. మిగతాదంతా నీదే భారం. నీ టైపింగులో తప్పు దొర్లదు.”

ఆ నమ్మకమే కొంప ముంచింది. ఊళ్లో పిల్లలందరికీ పెట్టినవాణ్ని, సొంత మేనకోడల్ని బోసి మెడతో పంపుతానా? పెట్టె మొత్తం బోర్లించాను. చీమ అంకెలన్నీ చూసుకుంది, అక్షరాల జోలికి పోలేదు. ‘ఇది పూర్తిగా నా సొంత కృషి’ అన్న పేజీ కింద సంతకం చేసి ఇచ్చేసింది. ఆ పేజీ కూడా పాత థీసిస్‌లోంచి దించిందేనన్నది వేరే సంగతి.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం చీమ కాగితాల కట్టతో షాపులోకి వచ్చింది. పేజీల నిండా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. వేరేవాళ్ల రాతతో కలిసిన వాక్యాలకు యూనివర్సిటీ కంప్యూటర్ పూసిన రంగులవి.

“ముప్పై ఎనిమిది శాతం మామయ్యా.”

“పాసు మార్కులు ముప్పై అయిదేగా?”

చీమ నవ్వలేదు. “అది కాపీ శాతం. రేపు పదకొండింటికి మా గైడ్ మేడమ్ రమ్మన్నారు. కమిటీకి పంపితే రిజిస్ట్రేషన్ రద్దట. మూడేళ్లూ పోయినట్టే.” అని చివరి పేజీ తిప్పింది. “ఇది చదువు. ‘నా భర్త ఓర్పుకూ, నా ఇద్దరు పిల్లల అల్లరికీ కృతజ్ఞతలు.’ నాకు పెళ్లెప్పుడైంది మామయ్యా? నువ్వు వచ్చావా పెళ్లికి?”

ఎవరో ఆరేళ్ల కిందటి ఆవిడ కృతజ్ఞతలు. చదువుతుంటే నా కళ్లు చెమర్చాయని దాచిపెట్టుకున్నవి. అప్పుడు చెప్పాను చీమకు, నగలపెట్టె సంగతంతా. చీమ ఎదురుగా ఉన్న జిగురుడబ్బా మూత బిగించి, రంగుల కాగితాలు మళ్లీ కట్టగా పేర్చింది.

“టైపు ఎవరు చేశారని మేడమ్ అడగలేదా?” అన్నాను.

“అడిగారు. నేనే చేసుకున్నానని చెప్పా.”

“ఎందుకే?”

“నాకెందుకో అప్పుడే అనుమానమొచ్చింది. నీ పేరు చెబితే రేపట్నుంచి ఈ షాపు గడప ఎవరు తొక్కుతారు?”

నేను దాని ఆరు నోటుపుస్తకాలూ ఒక్కచోట పేర్చి దారంతో కట్టాను.

మర్నాడు పదిన్నరకే ఆరు నోటుపుస్తకాలూ చంకన పెట్టుకుని మేడమ్ గదికి వెళ్లాను. చిన్న గది. కిటికీ మీద ఫైళ్లు, బల్ల మీద మూతపెట్టిన నీళ్ల గ్లాసు, గోడ పొడుగునా థీసిస్‌లు. వాటిలో సగం నా చేతి అట్టలే. వీపులు చూసి గుర్తుపట్టాను.

“ఎవరు మీరు?” అన్నారు మేడమ్, కళ్లజోడు పైకి తోసుకుంటూ.

“ఎదురు షాపువాణ్నండీ. మీ స్టూడెంటుకి మామయ్యని. రాసిన చెయ్యి దానిది, దొంగచెయ్యి నాది. అక్కడ ఎత్తి ఇక్కడ పోశాను. ఎత్తిపోతల పథకం అనుకోండి.”

“ఇది నవ్వే విషయమా?”

“కాదండీ. భయమేస్తే నాకిలాగే వస్తుంది.”

ఆవిడ ఒకపక్క నోటుపుస్తకం, ఒకపక్క రంగుల కాగితం పెట్టుకుని వేలితో వరసవరసా పోల్చడం మొదలుపెట్టారు. పదకొండింటికి చీమ గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి ఆగిపోయింది.

“నువ్వెందుకొచ్చావ్ మామయ్యా?”

“నువ్వుండవే. పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నాం.”

“ఇదంతా పెద్దవాళ్లు చేసిన పనేగా!”

“ఇద్దరూ ఆపండి,” అన్నారు మేడమ్. ఆవిడ వేలు ఒక ఎర్ర వాక్యం మీద ఆగింది. “‘నొప్పి అనేది శరీరం రాసే ఉత్తరం. చదివే దిక్కు లేకే అది మళ్లీ మళ్లీ వస్తుంది.’ ఇది ఎవరిదో తెలుసా? నాది. పద్దెనిమిదేళ్ల కింద నా థీసిస్‌లో రాసుకున్నా. ఇప్పటికీ క్లాసులో చెబుతా.”

నోరు మూసుకుని ఉంటే పోయేదే. కాని దాచడం వల్లే ఇంతదాకా వచ్చింది కదా.

“అమ్మా... మీ థీసిస్ కూడా మా షాపులోనే టైపయింది. అది నేను తగిలించిందేనండీ.”

చీమ నా చొక్కా పట్టుకుని గుంజింది. మేడమ్ లేచి, పై అరలోంచి తన థీసిస్ దించి, ఆ పేజీ తీసి నిలబడే చదువుకున్నారు. మళ్లీ చదువుకున్నారు.

“అయితే ఇది ఎవరిది?”

“మీకంటే ముందు ఒకాయనదండీ. ఆయనకెక్కడిదో ఆయనకే తెలియాలి.”

“ఇక్కడ నేనేం రాసుకున్నాను మరి?”

“గుర్తులేదమ్మా.”

ఆ మాటకు ఆవిడ ముఖం చూడలేకపోయాను. అరువు సొమ్ము పెట్టి ఆవిడ సొంత మాటను నేను మాయం చేశానన్నమాట. ఎవరికీ దక్కకుండా. మేడమ్ పెన్సిల్ తీసి తన థీసిస్ అంచున ‘నాది కాదు, మూలం తెలియదు’ అని రాసి, తేదీ వేసి, నెమ్మదిగా కూర్చున్నారు.

“నా సంగతి లైబ్రరీకి నేను రాసిచ్చుకుంటా. నీ సంగతి వేరు,” అన్నారు చీమతో. “చదవకుండా సంతకం పెట్టావు. అది నీ తప్పు. టైపు నేనే చేశానని నాతో అబద్ధమాడావు. అదీ నీ తప్పే. ఇంకోటి, నాలుగో నోటుపుస్తకంలో వెన్నుపూస మీద రెండు పేరాలు. అవి మీ మామయ్యవి కావు, నీ చేతిరాతే. కాని పాఠ్యపుస్తకంలోవి.”

“మాటలు మార్చాను కదా మేడమ్...”

“మాటలు మార్చావు. ఆలోచన ఎవరిది?”

“వాళ్లదే.”

“మరి వాళ్ల పేరేది?”

మేడమ్ నోటుపుస్తకాలు పేర్చి చీమ ముందుకు జరిపారు.

“కమిటీకి పంపేలోపు సరిదిద్దుకునే అవకాశం ఒక్కసారి ఇవ్వగలను. మూడు వారాలు. వీటిలోంచి నువ్వే టైపు చెయ్యి. ఎక్కడ తీసుకున్నది అక్కడే చెప్పు. మళ్లీ ఇలా వస్తే నేను కూడా ఏమీ చేయలేను.” తర్వాత నావైపు తిరిగారు. “మీరు ఆ పెట్టె ఖాళీ చేయండి.”

ఆ సాయంత్రమే చేశాను. రెండువేల పైచిలుకు వాక్యాలు. మీట నొక్కుతుంటే పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు ముక్కు చీదాను. “వాళ్ల పిల్లలు వాళ్లింటికే పోతున్నారు, ఊరుకో,” అంది చీమ.

మూడు వారాలు నా కుర్చీ దానిది, నేను స్టూలు మీద. రెండు వేళ్లతో టకటకలాడించేది. కీబోర్డు మీదికి నా చెయ్యి పోతే స్కేలుతో కొట్టేది. ఒకరోజు అది కొడుతున్న వరస భుజం మీంచి చదివాను: ‘క్లచ్ బిగుసుకున్న బస్సు దొరికిన రోజు మా నాన్న వంగలేక, బూట్ల తాళ్లు విప్పడానికి నన్ను పిలిచేవాడు.’ మొదటి నోటుపుస్తకంలోని మొదటి వాక్యం అది. మరీ సాదాగా ఉందని నేను తీసిపారేసి, దాని చోట ఉత్తరాలూ అలంకారాలూ దిగేశాను.

“బావ బస్సు దిగినా, ఆయన నడుము ఇంకా సీట్లోనే కూర్చుని ఉంటుందే,” అన్నాను, ఏదో ఒకటి అనాలని.

చీమ వేళ్లు ఆగాయి. “ఇదెవరిది?”

“నాదే.”

“ఒట్టు?”

“ఒట్టే. ఇప్పుడే నోట్లోంచి ఊడిపడింది.”

అది మళ్లీ టైపులో పడిపోయింది. నేనూ మర్చిపోయాను.

ఈసారి కంప్యూటర్ ఆరు శాతం అంది. అవి పుస్తకాల జాబితా, పరికరాల పేర్లేనని చూసి మేడమ్ సంతకం పెట్టారు. అట్ట వేయడానికి కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. సరిగ్గా పేర్చుకుంటుంటే ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో నా పేరు కనిపించింది. ఇంటిపేరుతో సహా. పైన నా వాక్యం, ఆ చివర ఈ చివర కొటేషన్ గుర్తులతో. కింద: ‘టైపింగ్ షాపు యజమాని, పరిశోధకురాలితో మాటల్లో,’ ఆ పక్కనే తేదీ.

ఇన్నేళ్లుగా అందరి పేర్లకూ బంగారు రంగు అద్దినవాణ్ని. నా పేరు నల్ల సిరాలో ఇంత అందంగా ఉంటుందని తెలియదు.

“పేరు సరే,” అన్నాను కళ్లు తుడుచుకుంటూ. “తేదీ ఎందుకే?”

“రేపు దీన్ని కూడా ఇంకెవరి మెళ్లోనో వేసేస్తావు మామయ్యా. ముందు అన్నది నువ్వేనని నీకు రుజువుండాలిగా!”