నాలుక కింద మాత్ర

“ఆ మాత్రేదో వేసుకుని కాస్త లేవరాదూ? అమ్మ పక్క తడిసినట్టుంది.”

మా ఆయన రోజూ అనే మాట ఇది. పక్షవాతంతో మంచం పట్టిన అత్తయ్యని ఎత్తి కూర్చోబెట్టడం, పక్క మార్చడం, స్నానం చేయించడం నా పని. అది నా పని ఎప్పుడయిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒకరోజు బాత్రూంలో ఆవిడ జారబోతే పట్టుకున్నాను. ఆవిడకేమీ కాలేదు గానీ నా నడుం పట్టేసింది. డాక్టరు నొప్పికి మాత్రలు రాసి, వారం రోజులు విశ్రాంతి తీసుకోమన్నాడు. విశ్రాంతి సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. మాత్రలు మాత్రం అయిపోకుండా ఆయనే తెలిసిన మందులషాపు నుంచి తెచ్చేవాడు. పెళ్లయ్యాక నేను అడగకుండా ఆయన తెచ్చిపెట్టినవి అవే. పిచ్చిదాన్ని, మురిసిపోయాను కూడా.

మాత్ర పడితే నొప్పితో పాటు విసుగూ పోయేది. అత్తయ్య సణుగుడు పక్కింటి రేడియోలా ఎక్కడో వినిపించేది. “ఈమధ్య మా కోడలు నెమ్మదించింది” అని ఆవిడ వచ్చినవాళ్ల దగ్గర మెచ్చుకునేది. రానురాను ఒకటి చాలక రెండు, రెండూ చాలక ఇంకా. అప్పుడొచ్చింది ఆయనకి కోపం. “సంసారం చేసుకునే ఆడదానివేనా నువ్వు?” అని తేవడం మానేశాడు.

దాచుకున్నవి అయిపోయాక ఒళ్లంతా విరుపులు, వాంతులు, వణుకు. వంటగదిలో కూలబడితే ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకొచ్చాడు. దారంతా ఒకటే పోరు, “అక్కడ మాత్రల ఊసెత్తకు, పరువు పోతుంది” అని.

“నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారామ్మా?” అంది డాక్టరమ్మ.

“అబ్బే, లేదండీ. తిన్నదేదో పడలేదంతే,” అన్నాడాయన.

“ఆవిడని చెప్పనివ్వండి.” ఆయన్ని బయటికి పంపి తెర లాగింది. “ఈ బాధకి మందుంది, ఇక్కడే ఇస్తాం. కానీ ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నారో నిజం చెప్పాలి. ఆ మాత్రలు ఒంట్లో ఇంకా పనిచేస్తుండగా ఇది వేస్తే, బాధ రెట్టింపవుతుంది.”

తెర కింద నుంచి ఆయన చెప్పులు కనిపిస్తున్నాయి. వింటాడని తెలుసు. అయినా చెప్పాను, ఎవరు తెచ్చిచ్చారో కూడా.

“నేనిలాంటిదాన్ని కాదమ్మా,” అన్నాను చివర్న.

“మాత్రలకి అలవాటు పడటమూ జబ్బేనమ్మా, మీ నడుంనొప్పి లాగే,” అంది. నన్నొక మాట అడిగి, జవాబు కోసం ఆగిన మనిషిని చూసి ఎన్నాళ్లయిందో. బావురుమన్నాను.

నర్సు మాత్ర ఇచ్చింది. “నాలుక కింద పెట్టుకోండి. కరిగేదాకా మింగకూడదు, మాట్లాడకూడదు.”

అప్పుడే లోపలికొచ్చిన మా ఆయన, “నోరు మూసుకోవడం మా ఆవిడకి అలవాటేలెండి,” అని నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

మాత్ర చేదుగా, మెల్లగా కరిగింది. కాసేపటికి వణుకు తగ్గింది, వాంతులు కట్టాయి. పాత మాత్రల్లా ఇది లోకాన్ని దూరంగా నెట్టలేదు. నడుంనొప్పి ఉన్నచోటే ఉంది. ఆ నడుంతో ఇన్నాళ్లూ నేను ఎత్తిన బరువంతా గుర్తొచ్చి, నామీద నాకే జాలేసింది.

“రేపు కూడా తీసుకురండి. ఈ మందు కొన్నాళ్లు వాడాలి. బరువులు ఎత్తనివ్వకండి,” అని నర్సు ఆయనకి చెప్పింది.

“రేపెలా కుదురుతుంది? అమ్మకి స్నానం చేయించాలి. ఎవరు లేపుతారు?” ఆయన నా వైపు చూశాడు.

నాలుకతో తడిమి చూసుకున్నాను. మాత్ర పూర్తిగా కరిగిపోయింది.

“రేపు నేనే వస్తాను. అత్తయ్యని మీరు లేపండి,” అన్నాను. “ఎత్తేటప్పుడు నడుం జాగ్రత్త.”