తాబేలుకు పెట్టిన బొట్టు

ఆరో గిన్నె తోమి బోర్లించి, కన్నమ్మ సింకు అంచు పట్టుకుని నిలబడిపోయింది. ఊపిరి ఆడడం లేదు. ఇంటావిడ సుజన ఇటు వస్తోందేమోనని చెవి ఒగ్గి విన్నది. రావడం లేదని తెలిశాక ఏడో గిన్నె అందుకుంది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నటి చేతులు, నీళ్ళలో నాని పాలిపోయిన వేళ్ళు, సాయంత్రానికల్లా చెప్పుల పట్టీలు అచ్చుపడేంతగా వాచే పాదాలు. ములకలపల్లి అవతల అడవి అంచు పల్లె ఆమెది. మొగుడు పోయాక ఖమ్మం వచ్చి, ఖానాపురం హవేలి అనే పేటలో ఇరవై ఏళ్ళుగా ఇళ్ళు ఊడుస్తోంది. చేసే ఐదిళ్ళలో నాలుగు ఒక్కొక్కటే జారిపోయి, సుజన ఇల్లొక్కటే మిగిలింది. ఆ ఇంటి మెట్ల కింద గదిలోనే ఆమె కాపురం. పని పోతే గదీ పోతుంది.

గుండె పెద్దదైందనీ, వంగి పని చేయొద్దనీ దవాఖానాలో చెప్పిన సంగతి ఆమె ఎవరి దగ్గరా ఎత్తలేదు. చెబితే ఎవరు ఉంచుకుంటారు? అదృష్టం బాగుండి, ఎండాకాలంలో సుజన ఊడ్చే మిషను కొన్నది. నల్లగా, గుండ్రంగా, నేలబారుగా పాకుతూ మంచాల కిందికి దూరి దుమ్మంతా మింగి, తనంతట తనే వచ్చి స్టాండు మీదికెక్కి కరెంటు తాగుతుంది. కన్నమ్మ దానికి తాబేలు అని పేరు పెట్టుకుంది. వీధిలోని పనివాళ్ళు "ఇగ నీ పని గోవిందా" అని ఎగతాళి చేశారు. వాళ్ళకేం తెలుసు! అది ఊడవబట్టే ఆమె గిన్నెలతో, బట్టలతో నెట్టుకొస్తోంది.

అలాంటి తాబేలు దసరా మర్నాటి నుంచి ఛార్జింగు ఎక్కడం మానేసింది.

"బ్యాటరీ పోయినట్టుంది. బాగుచేయించుడు దండుగ," అంది సుజన, ఆఫీసుకు బయల్దేరుతూ. "కొత్తది ఇప్పుడే కొనను. రేపటిసంది నువ్వే ఊడ్వు కన్నమ్మా. మంచాల కింద గూడ."

"అట్లనే అమ్మా," అంది కన్నమ్మ.

స్కూటీ చప్పుడు దూరమయ్యాక చీపురు తీసింది. ఇవాళ ఒక్క గది ఊడవగలిగితే రేపు రెండు గదులు, ఎల్లుండి ఇల్లంతా. మంచం కిందికి వంగగానే కళ్ళు బైర్లు కమ్మాయి. అక్కడే చతికిలబడి, చీపురు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కొంగుతో ముఖం తుడుచుకుంది. తాబేలునూ దాని స్టాండునూ బియ్యం సంచిలో పెట్టి, ఇంటికి తాళం వేసి, షేర్ ఆటో ఎక్కింది. అడగకుండా ఆ ఇంటి వస్తువు గడప దాటించడం ఆమెకిదే మొదటిసారి.

మిక్సీలు బాగుచేసే రూప్‌సింగ్ మిషనును వెల్లకిలా తిప్పి, కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"ఏందవ్వా ఇది? ఈ రెండు రాగి బిళ్ళల మీద పూత ఏంది?"

"పసుపు బిడ్డా. నూనెల కలిపి పెట్టిన. మీద కుంకుమ. ఆయుధపూజ నాడు."

"ఆడనే ఎందుకు పెట్టినవ్?"

"కొడవలికి పదును కాడ పెడ్తం. గొడ్డలికి గట్లనే. ఇది కరెంటు తాగేది ఆడనే గదా అని..."

బొట్టు పెట్టని పనిముట్టును ఆమె ఊళ్ళో ఎవరూ ముట్టరు. రూప్‌సింగ్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

"నీ బొట్టే కరెంటుకు అడ్డం పడ్డది అవ్వా. గంతే. బ్యాటరీ మంచిగున్నది."

ఇన్నాళ్ళూ దాని కడుపు మాడ్చింది తనేనా! కన్నమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అతను స్పిరిట్ దూదితో బిళ్ళలు తుడిచి స్టాండు మీద పెట్టగానే పచ్చ దీపం వెలిగింది. గంటసేపు ఆ దీపం వంకే చూస్తూ స్టూలు మీద కూర్చుంది.

"మళ్ళ పెడితే వీపు మీద పెట్టు. కింద పెట్టకు," అన్నాడు సంచి అందిస్తూ.

"అవ్ బిడ్డా."

సుజన ఉండేది పై అంతస్తు. సంచితో మెట్లెక్కుతూ మూడుచోట్ల కూర్చుంది కన్నమ్మ. స్టాండును దాని మూలన పెట్టి, దేవుడి గూట్లోంచి పసుపు తెచ్చి నూనెలో కలిపి, తాబేలు వీపు మీద ఇంత బొట్టు పెట్టి, నడుమ కుంకుమ అద్దింది. బటన్ నొక్కింది. అది బుర్రుమంటూ కదిలింది.

"పో తల్లీ, మంచాల కిందికి గూడ పో," అని, గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకుంది. రేపు వంగక్కర్లేదు. ఎన్నాళ్ళకో గుండెల మీది భయం దిగిపోయి, హాయిగా కళ్ళు మూసుకుంది.

సుజన వచ్చేసరికి ఆరు దాటింది. హాలు అద్దంలా ఉంది.

"కన్నమ్మా, నువ్వే ఊడ్చినవా?"

పలకలేదు. సుజన దగ్గరికొచ్చి భుజం తట్టింది. కన్నమ్మ తల పక్కకు వాలిపోయింది.

చాపిన కాళ్ళ చుట్టూ, మిషను అందుకోలేని చోట సన్నటి దుమ్ము చార మిగిలింది. తాబేలు తన మూలకు చేరి స్టాండు మీద కరెంటు తాగుతోంది. దాని వీపు మీద బొట్టు ఇంకా ఆరలేదు.