ఎనిమిది గంటలు

అది నీలమే, ఒట్టు, కావాలంటే చూడు, అంటూ ఆయన తన ఫోన్ ఆమె ముక్కు మీదకు తెచ్చాడు, ఆమె తన ఫోన్ తీసి అదే ఆన్‌లైన్ దుకాణంలో అదే కర్టెన్ బొమ్మ చూపించి, పాచిరంగు అంది, ఒరేయ్, కళ్లు కాకులెత్తుకెళ్లాయా అని అత్తగారు గదిలోంచి కొడుకును దెప్పింది, కిటికీకి వేలాడుతున్న గుడ్డ మాత్రం ఎవరి మాటా వినకుండా పచ్చగా ఊగుతోంది, ఒకటే బొమ్మ, రెండు ఫోన్ తెరలు, రెండు రంగులు, ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది, ఎందుకంటే మొన్న సోమవారం ఆసుపత్రిలో తను చూసింది ఒక్క తెరే, రొమ్ము ఎక్స్‌రే గదిలో తలుపు వేసుకుని, కొత్త డిజిటల్ మెషిన్ మీద రొమ్ముకు బదులు పరీక్ష దిమ్మ పెట్టి, దాని కడుపులో దాచిన సన్నటి పోగులూ ఇసుకరేణువుల్లాంటి చుక్కలూ మెషిన్ పక్క తెర మీద లెక్కపెట్టింది, అన్నీ కనిపించాయి, మెషిన్ బాగుందని సంతకం పెట్టేసింది, పై అంతస్తులో డాక్టరమ్మ రోగుల బొమ్మలు చూసే తెర వైపు వెళ్లనే లేదు, ఫిలిం రోజుల అలవాటు, కింద చూసిన ఫిలిమే పైకి వెళ్లేది, కొత్త మెషిన్‌కు విడిగా ఎనిమిది గంటల శిక్షణ పొందాకే సంతకం చేయాలన్న ఉత్తరం సొరుగులోనే ఉంది, నేర్పేది ఒకప్పటి తన శిష్యురాలు, ఒక్కరోజే కదా, రండి మేడమ్ అంది, తాతకు దగ్గులు నేర్పుతావా తల్లీ అని నవ్వి ఫోన్ పెట్టేసింది తను.

ఎవరికి చెప్పుకోవాలి, అక్కడ ఈ పని చేసేది తనొక్కతే, తప్పు పట్టడానికైనా ఇంకో మనిషి లేడు, ఇంట్లోనా, మా కోడలు ఎక్స్‌రేలు తీస్తుందంటుంది అత్తగారు, తను తీయదు, తీసే మెషిన్‌ను నమ్మొచ్చో లేదో పరీక్షించి చెబుతుంది, ఆ తేడా ఇరవై రెండేళ్లలో ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు, నాలుగు రోజులుగా ఎంతమంది ఆడవాళ్లు ఆ చల్లటి పలక మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డారో, పై తెర మసకగా ఉంటే, ఒక్క చుక్క దాక్కుని ఉంటే, ఏమో, బాగానే ఉందేమో, కానీ తనకు తెలియదు, తెలియనిదాన్ని తెలుసని రాసింది.

కంచాల ముందు కూర్చున్నా ఆయన కర్టెన్ వదల్లేదు, తిరిగి పంపేద్దామా అన్నాడు, ఉండనివ్వండి, అందామె, రేపు పొద్దున్నే ఆ మెషిన్ ఆపిస్తాను, నా సంతకం చెల్లదని రాసిస్తాను, తీసినవన్నీ మళ్లీ చూడమంటాను, శనివారం నా పాత స్టూడెంట్ దగ్గరికి ట్రైనింగ్‌కి వెళ్తున్నా, ఆయన ఫోన్ బోర్లించాడు, అత్తగారు తలెత్తి, ఎక్స్‌రే తీయడం నీకింకా రాదా అమ్మాయ్ అంది, నేను తీయను అత్తయ్యా, మరి ఇన్నేళ్లూ ఏం చేస్తున్నావే, అని అత్తగారు నిజంగానే అడిగింది, ఆ ప్రశ్న కోసం తను ఇరవై రెండేళ్లుగా కాచుక్కూర్చుందని కోడలికి అప్పుడు తెలిసింది.