పంపు దగ్గరి పేరు

తెల్లవారుజామున మొదలైన తుంపర నేను భూపాలపల్లిలో బస్సు దిగేసరికి ఆగింది. మబ్బు మాత్రం విడవలేదు.

బలరాం ఉద్యోగం నిన్నటితో ముగిసింది. బొగ్గుబాయి నుంచి రిటైరైనవాడు మర్నాడు తన షిఫ్టువాళ్లకు ఇంట్లో అన్నం పెట్టడం మా ఆనవాయితీ. బలరాం ఇంటికి ఎవరూ పోరని నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ల కిందటి సమ్మెలో బాయిలోకి దిగాడని అతని పక్కన కూర్చుని ఎవరూ తినరు.

అప్పటి మా నాయకుడు లతీఫ్ చాయ్ హోటల్లో కనిపించాడు. కూర్చోగానే పాత ముచ్చట్లు వచ్చాయి. గేటు ముందు ముప్పై రెండు రోజులున్నాం. ఊళ్ల నుంచి జొన్నరొట్టెల మూటలు వచ్చేవి. డప్పు కాచి కొడితే కాపలా పోలీసులు కూడా పాదం కదిపేవాళ్లు.

"ఇప్పుడు ఫోన్ల మెసేజ్ పెడితె సమ్మె అయిపాయె. ఒక్కడు ఎండల కూసోడు," అన్నాడు లతీఫ్.

"జర లే భాయ్, బలరాం ఇంటికి పోదాం."

"వాని ఇంట్ల మెతుకు ముట్ట."

సమ్మెలోనూ పంపు ఆగకూడదు. ఆగితే బాయి నీళ్లతో నిండిపోతుంది. పంపు దగ్గరికి ఎవరు దిగాలో ముందురోజు సాయంత్రం లతీఫే గేటు దగ్గర పేరు చదివేవాడు. ఆ పేరు కానివాడు దిగితే ద్రోహి.

"బలరాం దిగిన దినానికి నువ్వు చదివింది నా పేరు," అన్నాను. "నేను దంతాలపల్లి పోయి బస్సు దొరకక రాలె. పంపు ఆగుతదని బలరాం దిగిండు. మర్నాడొచ్చి, నేనే నడిపిన అని నీకు అబద్ధం చెప్పిన. దాంతోని బలరాం బొగ్గు పనికి దిగిండని అందరు అనుకున్నరు."

లతీఫ్ గ్లాసు కింద పెట్టాడు.

"గిది ఇన్నేండ్లు ఎట్ల మింగినవ్ వాల్యన్నా?"

"మింగలె. గొంతులనే ఉన్నది."

అతను లేచి ముందు నడిచాడు.

బలరాం క్వార్టర్ ముందు టెంటు వేసి ఉంది. కింద ఎవరూ లేరు. అతని భార్య శశికళ దారి చూస్తోంది. లతీఫ్ పోయి గడపలో నిలబడ్డ బలరాం చెయ్యి పట్టుకున్నాడు.

"వాల్యన్న అంత చెప్పిండు. నువ్వు అప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

బలరాం నా వైపు చూశాడు. "ఈయనకు ముగ్గురు చిన్నపిల్లలుండిరి. నాకు అప్పటికి ఎవ్వరు లేకపోయిరి. ఒక్కణ్నే తింటె కూర గూడ ఎక్కువ వస్తుండె," అన్నాడు.

లతీఫ్ నవ్వబోయి నవ్వలేకపోయాడు.

శశికళ మూడు విస్తర్లు వేసింది.

"నువ్వు గూడ కూసో చెల్లె," అన్నాడు లతీఫ్.

పప్పుచారు, వంకాయ కూర. యాభై మందికి వండిన అన్నం ముందు నలుగురం కూర్చున్నాం. తిన్నాం.